తుప్పు తీయడం ఒక పని కాదు, మూడు పనులు: పాత కారు బాగుచేతలో తికమక ఎక్కడ మొదలవుతుంది?

తలుపు కింది అంచున బొటనవేలి గోరంత మేర రంగు ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. గోరుతో గీకితే పెచ్చు ఊడి ఎర్రటి పొడి రాలుతుంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కాస్త ఒత్తితే రేకు అడ్డు చెప్పదు, పిడి దాకా దిగిపోతుంది. పాత కారును ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకుందామని పూనుకున్నవాళ్లకు మొదటి రోజే ఇది ఎదురవుతుంది. వెంటనే వచ్చే ప్రశ్న: "ఈ తుప్పు పోవాలంటే ఏం పూయాలి?"

ఒకరు యాసిడ్ అంటారు. ఇంకొకరు శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక రవ్వలు కొట్టడం, చేయించమంటారు. మరొకరు తుప్పును నల్లగా మార్చే ద్రవం పూసి పైన రంగు కొట్టేయమంటారు. నాలుగో మనిషి రేకు కోసి కొత్తది అతికితే తప్ప లాభం లేదంటాడు. నలుగురి మాటలోనూ నిజముంది. చిక్కల్లా వాళ్లు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఉండటమే. ఏ ప్రశ్నకు ఏది జవాబో తెలియాలంటే ముందు తుప్పు సంగతి చూడాలి.

తుప్పు తనంతట తాను ఎందుకు ఆగదు

ఇనుముకు గాలిలోని ఆక్సిజన్, నీరు రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఇది చిన్న బ్యాటరీ పనిచేసే తీరులోనే జరుగుతుంది. తడి ఉన్న రేకులో ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలేసి కరుగుతుంది. గాలి బాగా ఆడే మరోచోట ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అందుకుంటుంది. మధ్యలో కరెంటు నడిచే దారి నీరే. ఆ నీటిలో ఉప్పు ఉంటే దారి ఇంకా సుగమం అవుతుంది. సముద్రపు గాలి తగిలే చోట్ల, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో కార్లు త్వరగా పోయేది అందుకే.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. గాలి తక్కువగా అందే చోటే ఇనుము ఎక్కువగా కరుగుతుంది. రెండు రేకులు కలిసిన అతుకు లోపల, పేరుకుపోయిన మట్టి కింద, రబ్బరు బీడింగ్ వెనక, అంటే మన కంటికి ఆనని చోట్లే, తుప్పుకు అనువైన తావులు. పైకి రంగు ఉబ్బేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది.

అల్యూమినియం మీద కూడా ఆక్సైడ్ పొర కడుతుంది. కానీ ఆ పొర గట్టిగా అంటుకుని కింది లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. అది గుల్లగా ఉండి నీటిని పీల్చుకుని తనలోనే దాచుకుంటుంది. పైగా పోయిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగును పైకి లేపేదీ, అతుకుల్ని పగలదీసేదీ ఆ ఉబ్బే.

ఈ ఉబ్బు వల్ల మన అంచనా కూడా తప్పుతుంది. ఒక లెక్క చూద్దాం. ఒక జీపు ఛాసిస్ దూలం మందం 3 మి.మీ. అనుకుందాం. దాని మీద ఒక మిల్లీమీటరు మందాన పొరలు పొరలుగా తుప్పు ఊడివచ్చింది. భయపడతాం. కానీ అందులో కరిగిన ఇనుము సుమారు 0.3 మి.మీ. అయితే దూలంలో ఇంకా తొంభై శాతం మిగిలే ఉంది. అదే తుప్పు 0.9 మి.మీ. బాడీ రేకు మీద ఉంటే మూడో వంతు పోయినట్టు. రెండు వైపులా ఉంటే మిగిలింది 0.3 మి.మీ. మాత్రమే. చూడటానికి ఒకేలా ఉన్న తుప్పు ఒకచోట గీకి రంగు వేసుకుంటే సరిపోయే సంగతి, ఇంకోచోట కోసి పారేయాల్సిన సంగతి.

బరువు మోసే రేకు, అందానికి ఉండే రేకు

తుప్పు ఎంత ఉందనే దానికంటే ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. తొలినాళ్ల కార్లకు కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉండేది. ఇంజిను, చక్రాలు, సీట్లు అన్నీ దాని మీద. బాడీ దానికి తొడిగిన చొక్కా లాంటిది. చొక్కా చిరిగినా మనిషి నిలబడతాడు. 1922లో లాన్సియా లాంబ్డా, 1934లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ వంటి కార్లతో బాడీయే ఛాసిస్ పని చేసే పద్ధతి మొదలై, తర్వాతి దశాబ్దాల్లో మామూలు కార్లన్నిటికీ పాకింది. దీన్నే మోనోకాక్ అంటారు. ఇందులో వేరే ఎముకలు ఉండవు, చర్మమే ఎముక.

అలాంటి కారులో తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె లాంటి భాగాన్ని సిల్ అంటారు. నిజానికి అది ఒక దూలం. 1962 నుంచి 1980 దాకా తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీలో బయటికి కనిపించే సిల్ రేకు వెనక మరికొన్ని రేకులు కలిసి ఈ దూలం తయారవుతుంది. బయటి రేకు ఒక్కటి మార్చి లోపలివి అలాగే వదిలేస్తే కారు కొత్తగా కనిపిస్తుంది కానీ బలం రాదు. టాప్ లేని కార్లలో సిల్ మీద భారం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పైనుంచి పట్టుకునే కప్పు లేదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ది మరో తరహా. దాని ఫ్లోర్ వేరే ముక్క, బాడీని దానికి బోల్టులతో బిగిస్తారు. బాడీ అంచుల్లో హీటరు గాలి వెళ్లే గొట్టాలే బలాన్నిచ్చే దూలాలు కూడా. అవి తుప్పు తింటే వేడిగాలీ పోతుంది, గట్టిదనమూ పోతుంది.

కాబట్టి బోల్టులతో బిగించిన ముందు మడ్‌గార్డు, బానెట్, డిక్కీ మూత, తలుపు పై రేకు చాలామటుకు అందానికి సంబంధించినవి. సిల్, ఫ్లోర్, తలుపు స్తంభాలు, స్ప్రింగులూ సస్పెన్షనూ బిగించే చోట్లు, సీటు బెల్టు కొక్కేల చుట్టూ ఉన్న రేకు ప్రాణానికి సంబంధించినవి. మొదటి రకానికి ఓపిక ఉంటే చాలు. రెండో రకానికి పనితనం కావాలి, అది లేకపోతే తెలిసినవాళ్ల చెయ్యి కావాలి.

చెవితో, అయస్కాంతంతో వెతుకులాట

పైన పటారం, లోన లొటారం అన్న మాట పాత కార్లకు అచ్చంగా వర్తిస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో సిల్ పొడవునా చిన్నగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది. తుప్పు నిండిన చోట శబ్దం చచ్చిపోయి, చెదపట్టిన చెక్కను కొట్టినట్టు డొల్లగా వినిపిస్తుంది. రెండోది అయస్కాంతం. పలచటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ పోతే, పుట్టీ దట్టంగా పెట్టిన చోట పట్టు వదిలేస్తుంది. ఎప్పుడో ఎవరో కన్నానికి వలను అడ్డుపెట్టి పుట్టీ మెత్తిన చోటది.

తర్వాత వెతకాల్సింది నీరు వచ్చే దారి. తలుపు అద్దం మీద పడిన నీరు తలుపు లోపలికి దిగి కింద ఉన్న రంధ్రాల ద్వారా బయటికి పోవాలి. వాటిలో దుమ్ము, ఆకులు ఇరుక్కుంటే తలుపు తొట్టి అయిపోతుంది. ముందు అద్దం చుట్టూ రబ్బరు ఎండి పగిలితే నీరు డ్యాష్‌బోర్డు వెనకగా కారి ఫ్లోర్ మ్యాట్ కింద నిలుస్తుంది. బ్యాటరీ పెట్టే పళ్లెం యాసిడ్ చుక్కలకు పోతుంది. ఫ్లోర్‌కు కన్నం పడితే చాలామంది ఫ్లోర్‌ను బాగుచేస్తారు. అద్దం రబ్బరు మార్చరు. అలా వేసిన కొత్త రేకుకు కూడా పాత గతే పడుతుంది.

ఒకే మాటలో ఇరుక్కున్న మూడు పనులు

"తుప్పు తీయడం" అని మనం అనే మాటలో మూడు పనులున్నాయి. ఉన్న తుప్పును ఊడదీయడం మొదటిది. మిగిలిన ఇనుముకు గాలీ నీరూ అందకుండా చేయడం రెండోది. కరిగిపోయిన ఇనుము స్థానంలో కొత్తది పెట్టడం మూడోది. వైర్ బ్రష్ మొదటి పని చేస్తుంది. రంగుకు ముందు వేసే పూత, అంటే ప్రైమర్, రెండోది చేస్తుంది. మూడోది చేసే ద్రవం ఏ సీసాలోనూ ఉండదు. ఈ విభజన మనసులో పెట్టుకుంటే ఏ సలహా దేనికి పనికొస్తుందో దానంతటదే తేలిపోతుంది.

తుప్పును నల్లగా మార్చే కన్వర్టర్లనే తీసుకోండి. వాటిలో ఎక్కువగా ఉండేది టానిక్ ఆమ్లం గానీ ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ. టానిక్ ఆమ్లం తుప్పుతో కలిసి నలుపు, నీలం కలగలిసిన ఐరన్ టానేట్ అవుతుంది. ఒకప్పుడు ఇనుప లవణంతో, చెట్ల కాయల వగరుతో చేసిన రాతసిరా నలుపూ ఇదే రసాయనం. ఫాస్ఫారిక్ ఆమ్లం ఐరన్ ఫాస్ఫేట్ పొరను ఇస్తుంది. రెండూ నిజంగా పనిచేస్తాయి, కానీ ద్రవం ఇంకినంత లోతు వరకే. పలచని తుప్పు మీద, బ్రష్‌తో గీకాక గుంటల్లో మిగిలిన ఎరుపు మీద వాడితే మేలు. పెచ్చులు కట్టిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, కింద మునుపటి పని సాగుతూనే ఉంటుంది. "అది మోసం" అనేవాళ్లూ "అద్భుతం" అనేవాళ్లూ చాలావరకు వేర్వేరు మందాల తుప్పు మీద వాడి చూసినవాళ్లే.

ఊడదీసే పద్ధతుల్లో ఏది ఎక్కడ

గ్రైండరుకు వైర్ చక్రం బిగించి రుద్దడం అందరూ మొదలుపెట్టే పద్ధతి. పైతుప్పు బాగా పోతుంది. గుంటల అడుగున ఉన్నది పోకపోగా, దాని మీద మెరుపు వచ్చి శుభ్రమైందన్న భ్రమ కలుగుతుంది. శాండ్ బ్లాస్టింగ్ గుంటల్లోకీ వెళ్తుంది. మందపాటి ఛాసిస్‌కు, సస్పెన్షన్ ముక్కలకు అంతకు మించింది లేదు. బానెట్ వంటి వెడల్పాటి పలచటి రేకును మాత్రం ఒకేచోట గట్టిగా కొడితే అలలు తేలి వంగిపోతుంది. సిల్ వంటి మూసిన పెట్టెల్లోకి చేరిన రవ్వ ఏళ్ల తరబడి రాలుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. సిలికా ఇసుక ధూళి ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది. కాబట్టి మామూలు ఇసుకతో ఇంట్లో ఈ పని పెట్టుకోకూడదు.

తొట్టిలో పట్టే చిన్న ముక్కలకు నానబెట్టే పద్ధతులు హాయి. మొలాసిస్ (చక్కెర మడ్డి) ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్ల చొప్పున కలిపి వారాల పాటు ముంచి ఉంచితే తుప్పు వదిలి శుభ్రమైన ఇనుము బయటపడుతుంది. వాసన మాత్రం భరించాలి. తొందర ఉన్నవాళ్లు కరెంటు పద్ధతికి వెళ్తారు. వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో తుప్పు ముక్కను బ్యాటరీ ఛార్జర్ నెగటివ్‌కు, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్‌కు కలుపుతారు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలో చేరుతుంది. హైడ్రోజన్ కూడా బుడగలుగా వస్తుంది కనుక ఆరుబయట గాలి ఆడేచోట చేయాలి. స్ప్రింగులను, గట్టి ఉక్కు బోల్టులను మాత్రం ఆమ్లంలోనూ కరెంటు తొట్టిలోనూ వేయకపోవడం మంచిది. ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడి పెళుసుగా మారి, తర్వాతెప్పుడో ఫట్‌మని విరగవచ్చు.

ఏ పద్ధతిలోనైనా బయటపడిన పచ్చి ఇనుము తేమ గాలిలో గంటల్లోనే మళ్లీ ఎరుపెక్కుతుంది. ఆ రోజే ప్రైమర్ వేయలేనంత మేర గీకితే పని రెట్టింపవుతుంది.

ఒక సిల్ మీద లెక్క

మూడో పనికి వద్దాం. సిల్ కింది అంచున 4 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు కన్నం కనిపించిందనుకోండి. దాని చుట్టూ తట్టి, గుచ్చి చూస్తే ప్రతి వైపూ మరో 3 సెం.మీ. దాకా రేకు కాగితంలా ఉంది. కోయాల్సింది 10 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు. 8 చదరపు సెంటీమీటర్ల కన్నానికి 80 చదరపు సెంటీమీటర్ల రేకు! పిసినారితనం చూపి మధ్యలోనే కోస్తే, వెల్డింగ్ వేడికి పలచటి అంచు కరిగి కన్నం పెద్దదవుతూ పోతుంది. వెల్డింగ్‌కు అటూ ఇటూ మంచి ఇనుమే ఉండాలి.

ఆ అతుకు చుట్టుకొలత 36 సెం.మీ. తీగను కరిగిస్తూ గ్యాస్ రక్షణలో అతికే మిగ్ వెల్డింగ్‌తో ఆగకుండా ఒకే గీతలా లాగితే చిటికెలో అయిపోతుంది. కానీ ఆ వేడికి రేకు ఎండుటాకులా ముడుచుకుంటుంది. అందుకని చుక్కలుగా వేస్తారు. ముందు నాలుగు మూలలు, తర్వాత ప్రతి రెండు చుక్కల నడుమ ఒకటి, మళ్లీ వాటి నడుమ ఒకటి. ఒక్కో చుక్క 5 మి.మీ. కప్పుతుందనుకుంటే 72 చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య చల్లారడానికి అర నిమిషం చొప్పున వెల్డింగ్‌కే 36 నిమిషాలు. కోయడం, శుభ్రం చేయడం, ముక్క కొలతకు కత్తిరించి వంచడం, చివర గ్రైండ్ చేయడం కలిపితే మొదటిసారి చేసేవాళ్లకు ఒక రోజు ఆ చిన్న అతుకుకే పోతుంది. కారు బాగుచేత వీడియోల్లో అరక్షణంలో మారిపోయే దృశ్యం వెనక ఉన్నది ఇంత పని. ఇలాంటి పలచటి రేకుకు 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ అనుకూలం. రాడ్‌తో చేసే మామూలు ఆర్క్ వెల్డింగ్ దీన్ని పూడ్చే బదులు పొడుస్తుంది.

అతికే తీరు మీద కూడా వాదం ఉంది. రెండు రేకుల అంచులను ఒకదానికొకటి ఆనించి అతికితే కింద మడత ఉండదు, నీరు నిలవదు. కానీ ముక్క కొలత కచ్చితంగా కుదరాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికితే పని తేలిక, కొత్తవాళ్ల చేతిలో బలమూ బాగానే వస్తుంది. రెండు రేకుల నడుమ తేమ చేరే సందు మాత్రం మిగులుతుంది, దాన్ని సీలర్‌తో, మైనంతో మూయాలి. బయటికి కనిపించే చోట మొదటి పద్ధతి, ఫ్లోర్ వంటి చోట రెండోది మంచిదని నా అభిప్రాయం.

సిల్ మొత్తం మార్చాల్సి వస్తే అసలు ప్రమాదం కారు కుంగడం. దూలాన్ని కోసేస్తే ఇల్లు ఊరుకోదు కదా. కోయకముందే తలుపు ఖాళీలో అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి బిగిస్తారు. కారు బరువు మామూలుగా పడే చోట్ల, అంటే సస్పెన్షన్ దగ్గర, స్టాండ్లు పెడతారు. తలుపుకూ స్తంభానికీ మధ్య సందు పైన ఎంత, కింద ఎంత అని కొలిచి రాసుకుంటారు. పైనా కిందా 5 మి.మీ. ఉన్న సందు కోశాక పైన 5, కింద 9 అయిందంటే బాడీ వంగింది. ఆ వంపులోనే కొత్త సిల్ వెల్డ్ చేస్తే కారు ఎప్పటికీ వంకరే, ఇక ఆ తలుపు సరిగ్గా పడదు. అందుకే ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి.

గ్యారేజీలో ప్రాణం మీదికి వచ్చేవి

ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలుడు మిశ్రమం అవుతుంది. వెల్డింగ్ చేసే ముందు ట్యాంకును కారు నుంచి తీసి దూరంగా పెట్టాలి, ట్యాంకును ఇంట్లో వెల్డ్ చేయనే కూడదు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ విషవాయువు పుట్టవచ్చు. జింకు పూసిన రేకును వెల్డ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ జ్వరం తెప్పిస్తుంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. గట్టిపడే ద్రావకం కలిపి కొట్టే ఆధునిక రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి మామూలు మాస్కు చాలదు. చాలామంది రేకు పనంతా స్వయంగా చేసుకుని ఆఖరి రంగు మాత్రం బయట చేయించడానికి ఇది కూడా ఒక కారణం. జాకీ మీద ఉన్న కారు కిందికి దూరడం గురించి వేరే చెప్పాలా, స్టాండ్లు లేకుండా వద్దు.

ఎంత మారిస్తే అది ఇంకా ఆ కారే?

అతుకులు పెరుగుతున్న కొద్దీ ఈ ప్రశ్న తప్పదు. 1988లో బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతోనే ఎమ్‌జీబీ బాడీ మొత్తాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వడం మొదలుపెట్టింది. జల్లెడైపోయిన బాడీకి నెలల తరబడి అతుకులు వేసే బదులు ఇంజిను, సీట్లు వంటివి కొత్త బాడీలోకి మార్చుకోవచ్చు. గట్టిదనం, భద్రత, మిగిలే సమయం చూసేవాళ్లకు ఇదే సరైన దారి. కాదనేవాళ్ల మాటలోనూ బరువుంది: ఆ రేకును ఆ రోజు ఆ కార్మికుడు ఒత్తిన గుర్తులు, వాడకంలో పడిన మచ్చలు, కారు చరిత్ర అంతా పారేసిన బాడీతో పోయింది, మిగిలింది పాత నంబరున్న కొత్త కారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐవీఏ 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఛార్టర్ కూడా ఉన్నదాన్ని నిలుపుకోవడానికే మొగ్గు చూపుతుంది, మార్చినది ఏదో రాసి ఉంచమంటుంది.

నా మొగ్గు మధ్యలో ఉంది. బరువు మోసే రేకు విషయంలో చరిత్ర కోసం రాజీ పడకూడదు. అందానికి ఉన్న రేకు మీద చిన్న సొట్ట, వెలిసిన రంగు ఉంటే వాటి జోలికి పోనక్కరలేదు. ఏ దారి పట్టినా కోసే ముందు ఫొటోలు తీసి, తీసిన ముక్కల మీద పేర్లు రాసి పెట్టుకున్నవాళ్లు తర్వాత చింతించరు. ఛాసిస్ నంబరు చెక్కి ఉన్న రేకును కోయాల్సి వస్తే మాత్రం ముందు తమ దేశపు రిజిస్ట్రేషన్ నియమాలు చూసుకోవాలి.

మళ్లీ రాకుండా

శుభ్రమైన ఇనుము మీద మొదట ఎపాక్సీ ప్రైమర్ వేస్తే తేమ లోపలికి పోదు. పుట్టీ నీటిని పీల్చుకుంటుంది, దాన్ని కన్నం పూడ్చడానికి వాడకూడదు, ఆఖరి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తుపల్లాలకే పరిమితం చేయాలి. వెల్డింగ్ వేడికి రేకు వెనక వైపు రంగు కాలిపోయి ఉంటుంది, అక్కడికి బ్రష్ పోదు. సిల్, తలుపులు, స్తంభాల్లోకి పొడవాటి గొట్టంతో మైనం చిమ్మేది అందుకే. కింద తుప్పు ఉండగానే తారు లాంటి అండర్‌కోట్ మందంగా పూయడం మాత్రం తుప్పుకు దుప్పటి కప్పడమే. ప్లాస్టిక్ కవరు కప్పి మూసిన గ్యారేజీలో ఉంచినా రాత్రి చల్లదనానికి చెమ్మ లోపలే పడుతుంది, గాలి ఆడే గుడ్డ కవరు నయం.

మైనం ఆరాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తలుపు అద్దం దించి, సందులో ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోసి, కింద నేల మీద ఒక కాగితం పరచి కూర్చోండి. మైనంతో రంధ్రాలు మూసుకుపోకపోతే కాసేపట్లో తలుపు అడుగు నుంచి చుక్కలు పడటం మొదలవుతుంది. పోసిన గ్లాసెడూ కాగితం మీదికి వచ్చేదాకా లేవకండి. రాకపోతే ఒక సన్నటి తీగ తీసుకుని ఆ రంధ్రాన్ని పొడవండి.